ఎర్రమట్టిలోని ఇనుము పిల్లల పళ్లెంలోకి రావాలంటే

విశాఖ నేలకు ఆ ఎరుపు ఇనుము వల్లే వచ్చింది. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలకు పిక్నిక్ వెళ్లిన పిల్లలందరికీ ఆ రంగు తెలుసు. మరోపక్క, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. నేలలో ఇంత ఇనుముంటే ఒంట్లో ఎందుకు లేదు? ఈ ఒక్క ప్రశ్నతో ఏడాదంతా పాఠం నడపొచ్చు. కానీ మన బడుల్లో నేలల గురించి సోషల్‌లో, వేర్ల గురించి సైన్సులో చెబుతారు. రక్తహీనత మాట ఐరన్ మాత్రలు పంచేటప్పుడే వస్తుంది. డిసెంబర్ 5న ప్రపంచ నేల దినోత్సవమని పోస్టర్లు వేయించినంత మాత్రాన ఈ మూడూ కలవవు.

మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చేం లేదు. బీచ్ ఇసుకలో అయస్కాంతం తిప్పితే నల్లటి రేణువులు అంటుకుంటాయి. అది చూసిన పిల్లలు ప్రశ్నలు వాళ్లే అడుగుతారు. తర్వాత రెండు సంచుల్లో తోటకూర విత్తనాలు చల్లించాలి. ఒకదాంట్లో ఉత్త ఎర్రమట్టి, రెండోదాంట్లో అదే మట్టికి బాగా మాగిన గత్తం (పశువుల ఎరువు) కలిపి. మూడు వారాల్లో తేడా కంటికే తెలుస్తుంది. ఆ తేడాకు నత్రజని, తేమ ముఖ్య కారణాలు. ఇనుము సంగతి ఇంకాస్త లోతైనది. మట్టిలో అది చాలావరకు తుప్పు రూపంలో ఉంటుంది కాబట్టి మొక్క నేరుగా తీసుకోలేదు. వేర్లు వదిలే ఆమ్లాలు, నేలలోని సూక్ష్మజీవులు కలిసి దాన్ని కరిగించి అందిస్తాయి. ఆ సూక్ష్మజీవులకు తిండి సేంద్రియ పదార్థం. మన ఎర్ర నేలల్లో కొరతగా ఉన్నది సరిగ్గా అదే.

మన పేగుల్లోనూ ఇలాంటి పేచీయే. ఆకుకూరలోని ఇనుము అంత తేలిగ్గా ఒంటికి పట్టదు. నిమ్మరసం, జామ, ఉసిరి తోడైతే పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే తగ్గిపోతుంది. తను పెంచిన తోటకూర మీద నిమ్మకాయ పిండుకున్న పిల్లకి ఇది మళ్లీ బట్టీ పట్టించక్కర్లేదు.

మట్టి వల్ల హాని కూడా ఉంది, అదీ దాచకూడదు. మలంతో కలుషితమైన నేల మీద చెప్పుల్లేకుండా తిరిగితే కొంకిపురుగు పాదాల చర్మంలోంచి లోపలికి వెళ్లి, పేగుల్లో చేరి రక్తం పీలుస్తుంది. ఫిబ్రవరిలో, ఆగస్టులో నులిపురుగుల మాత్ర ఎందుకిస్తారో చెప్పడానికి ఇంతకన్నా మంచి సందర్భం ఉండదు.

మధ్యాహ్న భోజనంలో 2023 మార్చిలో రాగి జావ చేరింది. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో ఉండేది పది దగ్గరే. అయినా గ్లాసులో జావ వదిలేసే పిల్లలుంటే తప్పు వాళ్లది కాదు. నగరంలో చాలా బడులకు భోజనం దూరంలోని పెద్ద వంటశాల నుంచి వ్యాన్లో వస్తుంది. అది ఎక్కడ పండిందో, ఎవరు వండారో పిల్లలకు కనిపించదు. పాడేరు కొండల్లో చోళ్లు (రాగులు) ఎలా పండిస్తారో, ఇంట్లో మామ్మ చోడి అంబలి ఎలా కాచేదో అడిగి రమ్మంటే అదే హోంవర్క్. ఆ కబుర్లు తరగతిలో చెప్పుకున్నాక జావ ఎంత మిగులుతోందో పిల్లల చేతే లెక్క రాయించండి.

పిల్లల మానసిక ఆరోగ్యం గురించి అతిగా చెప్పను. మట్టి ముట్టుకుంటే టెన్షన్లన్నీ పోతాయన్నంత రుజువు లేదు. కానీ ర్యాంకుల ఊసులేని పని రోజులో ఒక్కటైనా ఉండాలని గట్టిగా నమ్ముతాను. అందుకే దీనికి మార్కులు పెట్టొద్దు, ప్రాజెక్టు రికార్డు అడగొద్దు. 2020 జాతీయ విద్యా విధానం 6-8 తరగతులకు చెప్పిన పది బ్యాగులేని రోజుల్లో కొన్ని దీనికివ్వొచ్చు.

ఒక జాగ్రత్త. పోర్టు, ఫ్యాక్టరీలు, పెద్ద రోడ్ల పక్కన ఉన్న బడుల్లో ఆవరణ మట్టిలో సీసం లాంటి లోహాలు ఉండొచ్చు. పరీక్ష చేయించకుండా అక్కడ ఆకుకూర వేయకూడదు. బయటి నుంచి మంచి మట్టి తెచ్చి సంచుల్లో నింపుకోవాలి. ఆవరణంతా సిమెంటు చేసిన బడులకూ దారి అదే. వేసవి సెలవుల్లో నీళ్లు పోసేవాళ్లు ఉండరు కాబట్టి జూన్‌లో బడి తెరవగానే మొదలుపెట్టాలి. తోటకూర నెల రోజుల్లో కోతకొస్తుంది, దసరా సెలవుల్లోపు రెండుసార్లు కోసుకోవచ్చు.