నెత్తికెక్కిన కళ్ళకు డ్రాయింగు మాస్టార్ల విన్నపం

మహారాజశ్రీ నెత్తికెక్కిన కళ్ళవారి సముఖానికి,

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం బళ్ళలో బొమ్మలు నేర్పే మాస్టార్లు చేసుకునే మనవి.

ఆరో తరగతి గుంటలకు మొదటిసారి మనిషి ముఖం గీయమని చెప్పగానే తమరు ఎక్కడ వేంచేస్తారో మాకు ముందే తెలుసు. కోడిగుడ్డు ఆకారం కాగితం మీద పడీ పడకముందే, పైనుంచి మూడో వంతు దగ్గర తిష్ఠ వేస్తారు. ఇక నుదుటికి జాగా ఉండదు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి గిడుగు రామమూర్తి గారి బొమ్మ గీయిస్తామా, పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర భాషకు నిఘంటువు కట్టిన ఆ పెద్దాయనకు తమరి పుణ్యమా అని మెదడు పెట్టుకునే చోటే మిగలదు.

తమరి అసలు చిరునామా తలకు నడిమధ్యన. నడినెత్తి నుంచి గడ్డం కొస దాకా కొలిచి సగం చేస్తే వచ్చే గీత మీద. ఈ మాట పిల్లలు నమ్మరు, వాళ్ళ తప్పూ లేదు. చూసేవి, మాట్లాడేవి, వాసన పట్టేవి అన్నీ కింది సగంలోనే కాపురం ఉన్నాయి. పై సగం ఏ పనీ చేస్తున్నట్టు కనబడదు. పని చెయ్యనివాడి వాటా చెయ్యి తనంతట తానే కోసేస్తుంది.

నమ్మించాలంటే ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టాలి. చెయ్యి బారుగా చాచి, ఒక కన్ను మూసి, నిలువుగా పట్టిన పెన్సిల్ కొసను ఎదుటివాడి నడినెత్తికి సరిపెట్టి, బొటనవేలిని వాడి కంటి దాకా జరపమనాలి. అదే కొలతను కిందికి దించితే గడ్డం తగులుతుంది. మోచెయ్యి వంగిందా, కొలత పోయినట్టే. సగం క్లాసు బోల్తా పడేది అక్కడే. ఒత్తు జుట్టు ఉబ్బును లెక్కలో వెయ్యకూడదు, పుర్రె దాకానే కొలవాలి.

తర్వాత ఏ ఫోర్ కాగితం. పైన 4 సెంటీమీటర్లు వదిలేసి, 21 సెంటీమీటర్ల ఎత్తు, 15 వెడల్పు ఉన్న తల. హెచ్‌బీ పెన్సిల్‌తో, కనబడీ కనబడనంత పలచగా. నడినెత్తి నుంచి 3 దగ్గర జుట్టు మొదలు, 9 దగ్గర కనుబొమలు, పదిన్నర దగ్గర తమరు, 15 దగ్గర ముక్కు అడుగు, 17 దగ్గర పెదవులు కలిసే గీత. చెవులు కనుబొమల గీత నుంచి ముక్కు అడుగు దాకా. ముఖం వెడల్పులో ఐదు కళ్ళు పడతాయి గనక తమరికి తలా 3 సెంటీమీటర్లు, నడుమ ఇంకో కన్ను పట్టేంత ఖాళీ. ఇవన్నీ సగటు లెక్కలే. ఎదుటివాడి ముఖం ఏ గీత దగ్గర ఈ లెక్క తప్పుతుందో అక్కడే వాడి పోలిక దొరుకుతుంది. లెక్క ఒప్పజెప్పి ఊరుకుంటే క్లాసంతా ఒకే కడుపున పుట్టినట్టు తయారవుతుంది.

తమరి గుండ్రదనం గురించీ ఒక మాట. ఒడిశాలో పెరిగే పిల్లల చెయ్యి చాలావరకు జగన్నాథుడి బొమ్మ మీదే తిరుగుతుంది. చకాడోళా, అంటే గుండ్రటి కళ్ళవాడు, అని పిలుచుకునే ఆ స్వామి కళ్ళకు రెప్పలుండవు, చక్రాల్లా విప్పారి ఉంటాయి. ఆయన చూసుకోవాల్సిన లోకాలు అన్ని ఉన్నాయి మరి. పక్క బెంచీ గుంటడికి ఆ బాధ్యత లేదు. వాడి పైరెప్ప నల్లగుడ్డు పైఅంచును కాస్త కప్పుతుంది, కింది అంచు కిందిరెప్పను తాకుతుంది. నల్లగుడ్డు చుట్టూ తెలుపు వదిలారో, వాడు దెయ్యాన్ని చూసినవాడైపోతాడు. రెప్ప వెంట్రుకల్ని దువ్వెన పళ్ళలా వరసగా పాతే పనీ వద్దు. పైరెప్ప గీతను ఇంకాస్త ముదురుగా పడే 2బీ పెన్సిల్‌తో కొంచెం మందం చేస్తే చాలు.

బరంపురంలో 1894లో పుట్టి రాష్ట్రపతి అయిన వి.వి. గిరి గారి బొమ్మ ఇస్తే కళ్ళజోడైనా తమరిని కట్టడి చేస్తుందని ఆశ. ఎక్కడ! జోడు కూడా తమరి వెంటే ఎక్కుతుంది. దాని కాడ చెవి మీద ఆనాలి గనక చెవులూ బయల్దేరతాయి. పదవిలో ఉన్నవాళ్ళ వెంట బలగం ఊరికే పోతుందా?

అందరికీ ఒకే చట్టమని మేమూ అనం. చంటిపిల్లల బొమ్మలో తమరు సగానికి కిందే ఉండాలి, వాళ్ళ నుదురు పెద్దది. తల వెనక్కి వాల్చి మేడ మీదికి చూసేవాడిని గీసినప్పుడు పైకెక్కవచ్చు, అప్పుడు గీతలన్నీ పైకి వంపు తిరుగుతాయి. మామూలు రోజుల్లో ఆ వేషం వేస్తే మాత్రం ఇట్టే పట్టేస్తాం. కాగితాన్ని తలకిందులు చేసి చూస్తే చాలు, అది ముఖమన్న భ్రమ పోయి నుదురు ఎంత కరువైందో బయటపడుతుంది.

అలా దొరికిపోయాక రబ్బరు అందుకోవడం పిల్లల అలవాటు. బాగా కుదిరిన కళ్ళు చెరిపితే మళ్ళీ కుదరవు, పైగా కాగితం నూగు లేస్తుంది. అందుకని తమరిని కదపం. తమరు దిగనంటే నెత్తినే పైకి లేపుతాం! తమరు సెంటీమీటరున్నర ఎక్కితే తలను 3 సెంటీమీటర్లు పెంచాలి, పైన 4 వదలమన్నది అందుకే. అంతకు మించి ఎక్కితే కొత్త కాగితమే గతి, ఆ ఖర్చు తమరి ఖాతాలో రాస్తాం.

చిత్తగించవలెను.

ఇట్లు,
రబ్బరు పొట్టు ఊడ్చుకునే డ్రాయింగు మాస్టార్లు