స్టాంపు ఊడదీసి కవరు పారేశారట!

ఈ ఉదయం నాకు తెలిసిన పాత స్టాంపుల వ్యాపారి ఒకరు ఒక ఫోటో పంపి, ధర చెప్పి, "కవరు బాగా మురికిపట్టి చిరిగిపోయింది సార్, అందుకే నీళ్లలో నానబెట్టి స్టాంపు జాగ్రత్తగా ఊడదీశాను" అని గర్వంగా రాశారు. విక్టోరియా రాణి బొమ్మ మీద గీతల మధ్య 'ఎఫ్ ఎఫ్' (ఫీల్డ్ ఫోర్స్, అంటే దండయాత్రకు వెళ్లిన సైన్యం) అన్న నల్లటి ముద్ర ఉంది. కవరు ఏమైందని అడిగితే చెత్తబుట్టలో వేశానన్నారు. అప్పటినుంచి కాఫీ కూడా సహించడం లేదు.

ఆ రెండక్షరాల ముద్ర 1868లో అబిసీనియా (నేటి ఇథియోపియా) దండయాత్ర వెంట వెళ్లిన భారతీయ తపాలా వారిది. అక్కడి చక్రవర్తి తెవొద్రోస్ బంధించిన బ్రిటిష్ కాన్సులును విడిపించడానికి బొంబాయి సైన్యాధిపతి నేపియర్ దాదాపు 13,000 మంది సైనికులను, 44 ఏనుగులను ఓడల్లో తరలించి ఎర్రసముద్రపు ఒడ్డున జూలా దగ్గర దింపితే, దారులు వేసే మన మద్రాసు సాపర్లు (సైనిక ఇంజనీర్లు) సహా ఆ సైన్యం కొండలెక్కి ఏప్రిల్ 13న మగ్దలా కోటను పట్టుకుంది. ఆ గుడారాల్లోని ఉత్తరం ఏ రోజు బయలుదేరిందో, ఏ రేవులో ఆగిందో, ఎవరి ఇంటికి చేరిందో చెప్పవలసింది కవరే. ఆ వ్యాపారి మురికి అనుకున్నది దారి దుమ్మో, మరో ముద్ర తాలూకు సిరానో, ఇక తెలిసే మార్గం లేదు.

ఆఫ్రికా లోపలి ప్రాంతాల్లో తిరుగుతున్న అన్వేషకుడు లివింగ్‌స్టన్ కోసం తూర్పు ఆఫ్రికా తీరానున్న జాంజిబారు దీవి నుంచి బయలుదేరిన ఉత్తరాల సంచి మీద 1870 నవంబరు 1 అని రాసి ఉండబట్టే, అది ఏడాదిగా దారిలోనే నలుగుతోందని 1871లో ఆయన్ను వెతుక్కుంటూ వెళ్లిన పత్రికా విలేఖరి స్టాన్లీకి తెలిసింది. మన వ్యాపారి చేతిలో పడి ఉంటే ఆ సంచిని ఉతికి ఆరేసేవారు.

అయినా ఈయన ఒక్కరినే అని ఏం లాభం? కొన్నేళ్ల కిందట ఒక ప్రదర్శనలో నేను జాంజిబారు కవర్లు పెడితే, న్యాయనిర్ణేతగారు కళ్లద్దాలు సవరించుకొని, "ఇవి విదేశీ విభాగంలో ఉండాలి కదా, అయినా శుభ్రమైన స్టాంపులే దొరకలేదా?" అని అడిగారు. 1875 నుంచి 1895 వరకు అక్కడ నడిచింది భారతీయ తపాలా కార్యాలయం, అంటించింది భారతీయ స్టాంపు, లెక్క అణాల్లో, కానీ ఆయనకు అది విదేశం! బహుమతి మాత్రం పక్కవారి తళతళలాడే స్టాంపులకు వెళ్లింది, వాటిలో ఒక్కటి కూడా పోస్టు డబ్బా ముఖం చూసి ఉండదు.

ఇది రాస్తూ ఉండగానే ఆ వ్యాపారి మళ్లీ మెసేజ్ పంపారు. అదే పెట్టెలో ఇంకో నాలుగు కవర్లు దొరికాయట, వాటిని కూడా నానబెట్టమంటారా అని అడుగుతున్నారు. నీళ్ల దగ్గరికి పోవద్దని వరుసగా మూడుసార్లు రాశాను. ఇంకా చూడలేదు.