అన్నప్రాశనకు కాదు, ఆరో వారానికి రండి

పురిటికి భార్యను విజయవాడకో గుంటూరుకో పంపి, తాము అమెరికాలో ఉద్యోగంలో ఉండిపోయే తండ్రులు మన సంఘంలో ఎందరో ఉన్నారు. వారిలో చాలామంది తమ సెలవును అన్నప్రాశనకు దాచుకుంటారు. మగబిడ్డయితే ఆరో నెల, ఆడపిల్లయితే ఐదో నెల. ముహూర్తం కుదురుతుంది, బంధువులు వస్తారు, ఫోటోలు బాగా వస్తాయి. అప్పటికి బిడ్డ మెడ నిలుపుతుంది, పిలిస్తే నవ్వుతుంది. తల్లి నిద్రకు మొహం వాచిన రోజులు మాత్రం అప్పటికే గడిచిపోయి ఉంటాయి. ఆ సెలవును ముందుకు జరపమని అడగడానికే ఇది రాస్తున్నాను.

"బెజవాడలో ఒంటరితనం ఏమిటి, చుట్టూ మనవాళ్ళే కదా!" అంటారు. పటమటలోనో బ్రాడీపేటలోనో ఏ అపార్ట్‌మెంటు తలుపు తట్టినా తెలుస్తుంది. అమ్మమ్మకు అరవై దాటాయి, మోకాళ్ళ నొప్పులు, షుగరు. పగలు పథ్యం వండి పెట్టగలదు గానీ రాత్రి మూడుసార్లు లేవలేదు. నీళ్ళు పోసే ఆమె ఉదయం వచ్చి, స్నానం చేయించి, సాంబ్రాణి వేసి వెళ్ళిపోతుంది. మధ్యాహ్నం చూడటానికి వచ్చినవాళ్ళు గౌను చేతిలో పెట్టి, కాఫీ తాగి, "బిడ్డ చిక్కిందేమిటి, పాలు చాలడం లేదా?" అని అడిగి మరీ వెళ్తారు. బాలింత కాస్త నడుం వాల్చాలనుకున్న సమయం అదే. నాకు గుంటూరులో మొదటి కాన్పయ్యేనాటికి మా అమ్మ లేదు. అలా వచ్చినవారిలో ఒక్కరు "నేను బిడ్డను ఎత్తుకుంటాను, నువ్వు పడుకో" అని ఉంటే ఎంత బాగుండేదో నాకు తెలుసు.

లెక్క చూడండి. పుట్టిన బిడ్డ రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది, నిజమే. కానీ ఆ నిద్రంతా ముక్కలు ముక్కలుగా ఉంటుంది. రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు పట్టాలి. ఒక్కోసారి పాలు తాగడానికి అరగంట పైనే, తర్వాత త్రేన్పు, గుడ్డలు మార్చడం, జోకొట్టడం. మళ్ళీ లేచేలోపు తల్లికి మిగిలేది గంట, గంటన్నర. ఏడుపు దాదాపు ఆరో వారానికి పతాక స్థాయికి చేరి, మూడు నెలలకు చాలావరకు తగ్గుతుంది. తోడు అత్యవసరమైన కాలం ఇదే.

ఈ అలసట ఓర్పుతో తీరేది కాదు. మరొకరు తమ గంటలు ఇస్తేనే తీరుతుంది. రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా బిడ్డ బాధ్యత పూర్తిగా తండ్రి తీసుకుంటే ఆమెకు నాలుగు గంటల ఏకధాటి నిద్ర దొరుకుతుంది. ఆ సమయంలో పట్టడానికి ముందే పిండి ఉంచిన తల్లిపాలు 25 డిగ్రీల లోపు చల్లదనంలో నాలుగు గంటలు నిలుస్తాయి. బెజవాడ ఎండల్లో ఆ లెక్క చెల్లదు గనుక వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి; అక్కడ నాలుగు రోజుల దాకా ఉంటాయి.

నిద్రలేమి ప్రమాదకరం కూడా. సోఫాలో బిడ్డను ఎత్తుకుని కునుకు తీయడం చాలా అపాయం. ఏడుపు ఆగక ఒళ్ళు మండిపోతుంటే, బిడ్డను గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టి తల్లి కొన్ని నిమిషాలు పక్క గదిలోకి వెళ్ళవచ్చు. ఆ కాసేపటి ఏడుపుతో బిడ్డకు హాని లేదు. కోపంలో పట్టి కుదిపితే మెదడులో రక్తస్రావం కావచ్చు. కాన్పు తర్వాత మొదటి రోజుల్లో దిగులు సహజం. రెండు వారాలు దాటినా తగ్గకపోయినా, బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టకపోయినా డాక్టరుకు చూపించాలి. రక్తహీనత, థైరాయిడ్ కూడా ఇలాగే నీరసపరుస్తాయి. అర్ధరాత్రి మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ ఉంది, నంబరు 14416. అది ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. "బాలింతకు దిష్టి తగిలింది" అని సరిపెట్టుకునే పెద్దలకు ఈ సంగతి ఫోనులో మీరే చెప్పండి.

ఫోను అంటే గుర్తొచ్చింది. న్యూయార్కులో రాత్రి 9 అయితే శీతాకాలంలో బెజవాడలో ఉదయం 7:30. రాత్రంతా మేలుకున్న మనిషి అప్పుడే కన్ను మూసి ఉంటుంది. "ఒక్కసారి పాపను చూపించు" అని లేపకండి. ఆమే చేస్తుంది, అప్పటిదాకా ఆగండి.

సెలవు సంగతికి వస్తాను. అమెరికాలో 1993 నాటి కుటుంబ, వైద్య సెలవుల చట్టం కింద అర్హత ఉన్న ఉద్యోగికి, తండ్రికి కూడా, బిడ్డ పుట్టిన ఏడాదిలోపు 12 వారాల సెలవు దొరుకుతుంది. జీతం ఉండదు, ఉద్యోగం మాత్రం ఉంటుంది. జీతం పోతుందని, వీసా ముద్ర ఆలస్యమవుతుందని భయం ఉంటుంది. అది చిన్న భయం కాదు. నిజంగా రాలేనివారు బారసాల ఖర్చు తగ్గించుకుని, నమ్మకమైన ఆయాను రాత్రిపూట పెట్టించండి. వెతకడం, మాట్లాడటం, జీతం పంపడం మీరే చేయండి. ఆ పని కూడా బాలింత నెత్తిన వేయకండి.

మన సంఘం చేయగలిగింది ఒకటుంది. డిసెంబరులో ఊరికి వెళ్ళే సభ్యులు, అక్కడే స్థిరపడిన మన తల్లిదండ్రులు, ఇష్టమైనవారు పేర్లు ఇవ్వాలి. పటమట, మొగల్రాజపురం, అరండల్‌పేట, కొరిటెపాడు, ఏ పేటకు ఆ పేట జాబితా. పని ఒక్కటే: వారానికి ఒక మధ్యాహ్నం ఆ ఇంటికి వెళ్ళి, కాఫీ అడగకుండా, బిడ్డను చూసుకుంటూ తల్లిని పడుకోనివ్వడం. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ ప్రతిపాదన నేనే పెడతాను. మొదటి పేరు గుంటూరులో ఉన్న మా అత్తగారిది; ఆవిడ ఇప్పటికే ఒప్పుకున్నారు.