గ్రూప్ థియరీ ఎక్కడుంటుందంటే...

గణితంలో అస్తిత్వ సిద్ధాంతాలని ఒక జాతి ఉంది. ఫలానా సమీకరణానికి సాధన ఉందని నిస్సందేహంగా రుజువు చేస్తాయి. ఎక్కడుందో మాత్రం చెప్పవు. ఈ శాఖలో మా యూనివర్సిటీ లైబ్రరీ చేస్తున్న కృషిని ఇంతవరకూ ఎవరూ గుర్తించకపోవడం విచారకరం. అక్కడి కంప్యూటర్‌లో గ్రూప్ థియరీ (బీజగణితంలో ఒక శాఖ) అని కొట్టండి. పుస్తకం ఉంది, కాపీలు రెండు, రెండూ లోపలే ఉన్నాయి, అరలో దాని చోటు చెప్పే నంబరు 512.2 అని చూపిస్తుంది. రుజువు అక్కడితో పూర్తయింది. ఆ తర్వాత కూడా లేచి అరల్లో వెతకబోయేవాడికి గణితం మీద నమ్మకం లేనట్టే.

నాకు ఆ నమ్మకం కాస్త తక్కువ. వెళ్ళి చూశాను. లీనియర్ ఆల్జీబ్రా ఉంది. నంబర్ థియరీ ఉంది. గ్రూపులు ఉండాల్సిన చోట జానెడు ఖాళీ, అందులో ఎండిపోయిన టీ కప్పు. అటెండర్ గారిని అడిగాను.

"గ్రూప్సా సార్? ఇక్కడెందుకుంటాయి? రీడింగ్ రూమ్ పక్క బీరువాలో చూడండి."

నిజంగానే అక్కడున్నాయి. ఇండియన్ పాలిటీకి, గ్రూప్-2 పాత ప్రశ్నపత్రాలకి మధ్య రెండు కాపీలూ ఒదిగి కూర్చున్నాయి. పక్కన గైడ్ల అట్టలు ఊడిపోయి, టేపులు అంటించుకుని కనిపిస్తుంటే, వీటి అట్ట మాత్రం కొత్త పెళ్ళికూతురు చీరలా ఉంది. వెనక అతికించిన డ్యూ డేట్ స్లిప్పు మీద ముద్ర ఒక్కటే: 1994. అటెండర్ గారిని తప్పుపట్టను. మన దగ్గర గ్రూప్స్ అంటే అర్థం ఒకటే. గణితంలోని ఎబీలియన్ గ్రూపుకి ఇంతవరకూ నోటిఫికేషన్ పడిందా?

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన రంగనాథన్ గారు మొదట లెక్కల మాస్టారే. 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్ అయ్యారు. 1931లో అయిదు సూత్రాలు ప్రకటించారు. అందులో నాలుగోది, పాఠకుడి సమయం ఆదా చెయ్యమని. మా వాళ్ళు దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. సాయంత్రం నాలుగున్నరకే దీపాలు ఆర్పేసి పాఠకుణ్ణి ఇంటికి పంపిస్తున్నారు.

పత్రికల గది సంగతి వేరు. బైండు చేసిన పాత సంపుటాలు అద్దాల బీరువాల్లో ఉంటాయి. వాటి తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉంటాడు. కొత్తవాటికి బెంగ లేదు. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద కేంద్రం మూడేళ్ళకు 6,000 కోట్లు పెట్టి, 30 మంది ప్రచురణకర్తల దగ్గర దాదాపు 13,000 జర్నల్స్ కొని ప్రభుత్వ విద్యాసంస్థలకు ఇచ్చింది. అవన్నీ మా గేటు దాకా క్షేమంగా వచ్చాయి. అక్కణ్ణుంచి లోపలికి వైఫై తీసుకురావాలి. అది ఒక్క కిటికీ దగ్గరే అందుతుంది. ఆ కిటికీ దగ్గర కుర్చీ మీద పొద్దున్న ఆరింటికే ఎవరో రుమాలు వేసి పోతారు.

అందుకే మా రీసెర్చ్ స్కాలర్లు దేశభక్తి లేకుండా హాస్టల్ మంచం మీదే పడుకుని, 1991 నుంచి ఊరికే దొరుకుతున్న పరిశోధన పత్రాల సైటు ఆర్కైవ్‌లో పేపర్లు దించుకుంటున్నారు. ఆ పేపర్ల మీద సమీక్షలు కావాలంటే 2021 నుంచి ఆన్‌లైన్ డేటాబేస్ జెడ్‌బీ‌మ్యాథ్ కూడా ఉచితమే. లైబ్రరీకి ఎందుకొస్తారయ్యా అంటే, నో డ్యూస్ సర్టిఫికెట్ కోసం అంటారు.

కనిపించకుండా పోవడం మన దగ్గరే అనుకోకండి. రామానుజన్ చివరి రోజుల్లో రాసుకున్న నూటికి పైగా పేజీలు కేంబ్రిడ్జ్‌లో ట్రినిటీ కాలేజీ లైబ్రరీలో ఒక పెట్టెలో ఉండిపోయాయి. 1976లో ఆండ్రూస్ అనే అమెరికన్ గణితవేత్త వాట్సన్ అనే ఇంగ్లిష్ గణితవేత్త వదిలివెళ్ళిన కాగితాలు తిరగేస్తుంటే బయటపడ్డాయి. అదే మా దగ్గరైతే ఆయన్ని గేటు దగ్గరే ఆపి, బ్యాగు బయట పెట్టమని, ఐడీ కార్డు మీద ఈ ఏడాది స్టిక్కర్ లేదని వెనక్కి పంపేవాళ్ళం. గణిత చరిత్ర ఎంతో ప్రశాంతంగా ఉండేది.

నా పుస్తకం సంగతి. రిఫరెన్స్ కాపీ అట, ఇంటికివ్వరు. కావలసిన రెండు పేజీలు ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. తీసుకెళ్ళి దాని అసలు చోట, 512.2లో పెడదామని బయల్దేరి, సగం దారిలో ఆగిపోయాను. అక్కడ పెడితే మళ్ళీ దొరుకుతుందా? వెనక్కొచ్చి ఇండియన్ పాలిటీ పక్కనే సర్దేశాను. చూస్తున్న కుర్రాడొకడు జాలిగా అడిగాడు:

"ఎన్నో అటెంప్ట్ అంకుల్?"