ఎలో రేటింగు గారికి బరంపురం నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ రేటింగు గారి దివ్యసముఖానికి, బరంపురం వాస్తవ్యుడు, బ్యాంకు పెన్షనరు అనేక నమస్కారాలతో రాసుకొనేది.

చదరంగం ఆడేవాళ్ల సత్తాను అంకెల్లో కొలిచే తమరు అమెరికాలో ఒక భౌతికశాస్త్ర ఆచార్యుడి లెక్కల్లో పుట్టారు. 1970లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే తమరిని దత్తత తీసుకుంది. 2024 మార్చి 1న నేను ఒక్క ఎత్తూ వేయకుండానే నా 1500 కాస్తా 1700 అయింది. రెండువేలకు ఎంత తక్కువైతే అందులో నలభై శాతం కలిపారట. నా సర్వీసు మొత్తంలో కరువు భత్యం కూడా ఇంత ధారాళంగా పడలేదు. అది మొదలు ఆ అంకెను లాకరులో నగలా దాచాను. టోర్నమెంటు మాట వినపడితే చాలు, నడుము నొప్పి. ‘ఆడకుండా ఆటగాడెలా అవుతారండీ?’ అంది మా ఆవిడ. ఆవిడకు రేటింగు లేదు, అందుకే అంత ధైర్యం.

ఆ మాట పడలేక మొన్న వెళ్లాను. ఎదురుగా పర్లాకిమిడి నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన ఆరో తరగతి పిల్ల. రేటింగు 1500. నాతో తెలుగు, తీర్పరి అయిన ఆర్బిటరుతో ఒడియా. ముప్పై ఎనిమిదో ఎత్తుకు చెరో ఏనుగూ చెరి నాలుగు బంట్లూ మిగిలాయి.

‘డ్రా చేసుకుందామా తాతగారూ?’ అంది.

బల్ల మీద ఉన్నది డ్రాయే. నేను బల్లను చూడలేదు, తమరిని చూశాను. మా మధ్య రెండు వందల తేడా, ఒక్క ఆటకు రేటింగు ఎంత కదలాలో తేల్చే నా కే విలువ 20. డ్రా అయితే 5.2 పోతుంది, గెలిస్తే 4.8 వస్తుంది, ఓడితే 15.2 గోవిందా. ఇలాంటి బేరం ఏ రుణ దరఖాస్తులో కనిపించినా ఎర్రసిరాతో కొట్టేసేవాణ్ణి. అయినా ‘లేదమ్మా, ఆడదాం’ అని బంటును తోశాను. దాని వెనకే ఆ పిల్ల ఏనుగు వచ్చి నిలబడింది. గడియారంలో ఎత్తుకు ముప్పై సెకన్లు కలుస్తున్నా నాకు కలిసిరాలేదు.

ఇంతకీ నా ఫిర్యాదు ఓటమి గురించి కాదు. నా ఖాతాలో 15.2 ఖర్చు రాశారు, సరే. పద్దెనిమిదేళ్లు నిండని ఆ పిల్లకు కే 40 కనుక 30.4 జమ చేశారు. మిగతా 15.2 ఎవరి ఖాతాలోంచి వచ్చింది? పది పైసలు తేడా వస్తే రాత్రి పదింటిదాకా ఇంటికి కదలనివ్వని ఉద్యోగం చేసినవాణ్ణి, అడగకుండా ఉండలేను.

స్కోరుషీటు మీద సంతకం పెడుతూ, డ్రా ఎందుకు వద్దన్నారని ఆ పిల్ల అడిగింది. నడుము నొప్పి అన్నాను. మిగిలిన రౌండ్లకు అది నిజంగానే తిరిగి వచ్చింది.

ఇట్లు,
1684.8ని 1685గా సరిచేసిన తమ దయకు
కట్టుబడిన విధేయుడు