కప్పు కారడానికి ముహూర్తం అక్కరలేదు

ఇంటి మరమ్మతును తాపీపని అనుకునేవారు అమాయకులు. అది ఖగోళశాస్త్రంలో ఒక శాఖ. స్నానాలగదిలో రెండు టైల్స్ మార్చాలన్నా సూర్యగమనం, చంద్రకళలు, ప్రభుత్వ సెలవుల జాబితా, వాతావరణ సూచన అన్నీ ఒకే రోజున కలిసిరావాలి. అన్నట్టు, మేస్త్రీ కూడా రావాలి. గ్రహణాలను వందేళ్లు ముందుగా లెక్కగట్టినవారున్నారు గానీ, మేస్త్రీ రాకను ముందురోజైనా చెప్పగలిగినవారు ఇంతవరకు పుట్టలేదు.

మతాల మధ్య ఐకమత్యం లేదని వాపోయేవారు ఈ ఒక్క విషయంలో ఊరట పొందవచ్చు. ఇంటిపని ముట్టుకోకూడని కాలమంటూ ఒకటి ఉండాలని చాలామంది ఒప్పుకున్నారు. మనకు ఆషాఢం, పుష్యం శూన్యమాసాలు. అవి చాలవన్నట్టు గురు, శుక్ర మూఢాలు, రమారమి 32 నెలలకొకటి చొప్పున అధికమాసం. 2026లో ఆ గౌరవం జ్యేష్ఠానికి దక్కింది. చైనీయుల్లో చాలామంది తమ ఏడో చాంద్రమాసం ప్రేతాలదని, అప్పుడు ఇంటిపని మొదలుపెట్టరు. నిష్ఠగల యూదులు ఆవ్ నెల మొదటి తొమ్మిది రోజులు ముచ్చట కోసం చేసే కట్టడాలు మానుకుంటారు. ఆ కాలం ఎప్పుడన్న చోటే ఏకాభిప్రాయం లేదు. ఇక రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతూ 33 ఏళ్లలో రుతువులన్నీ చుట్టివస్తుంది. ఉపవాసమున్న మనిషి చేత మిట్టమధ్యాహ్నం గోడ పగలగొట్టించడం ఏ మతంలోనూ పుణ్యం కాదు కనుక, ఆ లెక్కా చూసుకోవాలి. ఈస్టర్ సంగతి సరేసరి: మార్చి 22, ఏప్రిల్ 25 మధ్య దాని ఇష్టం.

సెలవులకైతే మతం కూడా అక్కరలేదు. కెనడాలోని క్వెబెక్‌లో మంచు గడ్డకట్టే చలికాలం గడిచి, గోడ కట్టడానికి వీలైన జూలై వచ్చిందో లేదో, నెలాఖరున రెండు వారాలు నిర్మాణరంగమే సెలవు పుచ్చుకుంటుంది.

వాతావరణం దగ్గరికి వస్తే, ఆషాఢంలో వద్దన్న పెద్దలను నేను మెచ్చుకుంటాను. వానలు మొదలయ్యే వేళ కప్పు విప్పడం తెలివైన పని కాదు. మరి పుష్యం ఏం పాపం చేసింది? మన దగ్గర పొడిగా, చల్లగా, గోడలకు పనికొచ్చే రోజులన్నీ అందులోనే ఉంటాయి. అది దాటితే ఎండాకాలం తరుముకొస్తుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం 40 డిగ్రీలు దాటాక కాంక్రీటు వేయాలంటే ప్రత్యేక జాగ్రత్తలు కావాలి.

ఈ చర్చలన్నీ సాగుతుండగా పడకగది కప్పు మీద, ఫ్యాను కొక్కెం పక్కన, రూపాయి బిళ్ళంత తడి మరక మొదలవుతుంది. మూఢం వెళ్లేసరికి దాని అంచు పసుపు తిరుగుతుంది. శూన్యమాసం ముగిసేసరికి ప్లాస్టరింగ్ ఉబ్బి, పెచ్చులు దుప్పటి మీద రాలుతాయి. మంచాన్ని ఓ పక్కకు జరిపి బకెట్టు పెడతారు. మంచం జరపడానికి ఎవరూ తిథి చూడరు.

ఎట్టకేలకు దొరికే శుభదినం, ఏ ఇంట్లో చూసినా, పండుగకు సరిగ్గా వారం ముందు ఉంటుంది. అన్ని శాస్త్రాలనూ సంప్రదించాం, ఒక్క సిమెంటును తప్ప. దానికి మతం లేదు గానీ నియమం ఉంది. సాధారణ సిమెంటు పనిని కనీసం 7 రోజులు తడపాలి. దాని బలాన్ని 28 రోజులకు కొలుస్తారు. ఆ తడి ఆరాకే లప్పం, ఆ తరువాతే రంగు. మనం సోమవారం పూసి, రెండు గోనెసంచులు తడిపి కప్పి, గురువారం వాటిని లాగేసి రంగు వేయిస్తాం. శుక్రవారం చుట్టాలు వస్తారు కదా! లోపలి తడి దారి వెతుక్కుని కొత్త రంగును పొక్కులుగా లేపితే, పెయింటర్ హస్తవాసి మంచిది కాదంటాం.

మేస్త్రీ చెబితే వినం, ఇంజనీరు చెబితే అసలే వినం. అందుకే పంచాంగకర్తలకు నా విన్నపం. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం పక్కన ఆరో గడిగా ‘తడి’ చేర్చండి. అందులో ‘గోడ ఆరేవరకు వర్జ్యం’ అని వేయండి. వర్జ్యమంటే మా ఇంట్లో రంగు డబ్బా మూత తీసే ధైర్యం ఎవరికీ లేదు.