అట్టపెట్టె గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ అట్టపెట్టె గారి సముఖమునకు,

వందనములతో నెల్లూరు నుంచి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మా చర్చి వరండాలో జల్లు కొట్టి తమరి అడుగు నానిందని చూసి చింతించాం. డిసెంబరులో నెల్లూరులో వాన పడుతుందన్న సంగతి, తమరిని అక్కడ నిలబెట్టినవాళ్ళకి తట్టలేదు పాపం.

నవంబరు దాకా తమరు ఏసీ వచ్చిన పెట్టె. క్రిస్మస్‌కి లేనివాళ్ళకి పంచే కానుకలు పిలకాయల చేత వేయించడానికి ఎర్రకాగితం చుట్టి, అంచుల వెంట దూది అంటించి, "ఇవ్వడంలో ఆనందం" అని రాయగానే పంతులుగారైపోయారు. నిన్న ఆరాధన ముగిశాక తమరిని చాప మీద బోర్లించి నలుగురం కూర్చుంటే దీపాలు పెట్టే వేళకి కూడా తెమల్లేదు. నాలుగు ఆదివారాలుగా మా పిలకాయలకి తమరు ఏం నేర్పారో ఒక్కసారే కళ్ళబడింది.

స్వెట్టర్లు ఏడు. నెల్లూరుకి! ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల కాడ కాపలా ఉండే కుటుంబాలకి ఈ వానల్లో కావాల్సింది దోమతెర, ప్లాస్టిక్ పట్టా, ఆరిన దుప్పటి. చొక్కాలకి గుండీల్లేవు, లాగులకి ఎలాస్టిక్ సాగిపోయింది. సగం ఆరిన లంగా ఒక్కటి సంచిలో పడితే రెండు రోజుల్లో ఆ ముక్కవాసన సంచంతా పాకుతుంది, అన్నీ మళ్ళీ ఉతకాల్సిందే. ఎన్నేళ్ళ పిల్లకి సరిపోతుందో చీటీ రాసి పిన్నీసు గుచ్చడానికి అర నిమిషం పట్టదు. ఒక్కరూ గుచ్చలేదు. పన్నెండు స్కెచ్ పెన్నుల పాకెట్లో పలికేవి పసుపూ లేత గులాబీ మాత్రమే. వాటితో ఎవరూ గీయరు గనక అవి ఎండలేదు. రంగుకాగితం చుట్టినవి ఇంకో సంబడం. విప్పి చూడకుండా పంచలేం, విప్పితే మళ్ళీ చుట్టాలి.

ఇక కార్లు. పదకొండు కార్లు, రెండు రిమోట్లు. ఏదో ఒక రిమోట్ దేనికో ఒకదానికి పలకదా అని తమరి అభిప్రాయం కాబోలు. పలకదు స్వామీ. 27 మెగాహెర్ట్జ్ కారు 40 మెగాహెర్ట్జ్ రిమోట్ మాట వినదు. 2.4 గిగాహెర్ట్జ్ రకమైతే తనతో జతకట్టిన రిమోట్ తప్ప ఇంకొకటి ఎరగదు. అడుగున మూత తీస్తే సెల్లు కారి తెల్లపొడి, స్ప్రింగుకి పచ్చటి చిలుము. ఆల్కలైన్ సెల్లయితే ఆ పొడి చేతిని కాలుస్తుంది, పెద్దవాళ్ళే తియ్యాలి. నిమ్మరసంలో ముంచిన దూదిపుల్లతో తుడిచి, ఆరాక స్ప్రింగుని గరుకు కాగితంతో రుద్దితే సగం బొమ్మలు బతుకుతాయి. కారు అలమార ఎక్కిన రోజే సెల్లు తీసి ఉంటే ఈ నిమ్మకాయ ఖర్చూ ఉండదు. లైట్లు మిణుకుమనే క్రిస్మస్ తాత టోపీలు మూడు వచ్చాయి, మూటికీ సెల్లు మూత స్క్రూ లేదు. లోపల నాణెంలాంటి లిథియం సెల్లు. ఏడాది పిల్లాడు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక ఘోరంగా కాలిపోవచ్చు. దానికి తమరు పెట్టిన పేరు కానుక.

తమరు అన్నది చాలు. ఇకమీదట నువ్వే.

ఆ పదకొండు కార్లలో ఒక్కటైనా పిలకాయ ఇచ్చింది కాదు. వాళ్ళమ్మ పండక్కి అలమార దులుపుతుంటే బయటపడ్డవి, వాళ్ళ నాన్న స్కూటరు ముందు పెట్టుకుని తెచ్చినవి. పిల్లాడు గుమ్మం కాడ అందుకుని నీ నోట్లో వేశాడు. కానుక సంచిలో అమ్మ చేతికిచ్చిన పది రూపాయలు వేసినట్టే. వాడు పోస్టుమాను. లోపల సండే స్కూల్లో రెండు కాసులు వేసిన పేద విధవరాలి కథ చెబుతాం. మిగిలినదాంట్లోంచి వేసినవాళ్ళు కాదు, ఉన్నదంతా వేసిన ఆమే ఎక్కువ వేసిందని పిలకాయల చేత అప్పజెప్పిస్తాం. కథ అయ్యాక బయటికి తీసుకొచ్చి, ఇంట్లో మిగిలిపోయినవి తెచ్చి ఇందులో వెయ్యండి నాయనా అని నిన్ను చూపిస్తాం. నీకు సిగ్గు లేదు సరే, అట్టపెట్టెవి. మాకేమైంది?

2012లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు రెండేళ్ళు నిండని బిడ్డల ముందు చిరుతిండి గిన్నెలు పెట్టి చూశారు. తీసుకున్నప్పటికంటే బొమ్మకోతికి పెట్టినప్పుడు వాళ్ళ మొహాలు ఎక్కువ వెలిగాయి. పక్కనుంచి తెచ్చింది పెట్టినప్పటికంటే తమ గిన్నెలోది తీసి పెట్టినప్పుడు ఇంకా ఎక్కువ. మాటలు సరిగా రాని బిడ్డలకి తెలిసిన ఈ సంగతిని ఎనిమిదేళ్ళ వాడి చేత మరిపించడానికి నీకు నాలుగు ఆదివారాలు చాలాయి.

అడిగే మాటలోనే ఉంది కిటుకంతా. "నీకు ఏది వద్దు?" అంటే చెత్త వస్తుంది. వాడు ఈ వారం ఆడుకున్న బొమ్మలు మూడు ముందు పెట్టి, "ఏది ఇస్తే ఆ పిల్లోడు ఎగిరి గంతేస్తాడు?" అని అడగాలి. చాలాసేపు చూస్తాడు. ఆ చూడటమే పాఠం, మధ్యలో మనం నోరు పెట్టకూడదు. తీసినదాన్ని రెండు రోజులు బీరువా మీద ఉంచాలి. మూడో రోజు ఏడ్చి వెనక్కి అడిగితే ఇచ్చెయ్యాలి, దెప్పకూడదు. దెప్పితే వచ్చే ఏడు అడుగునున్న విరిగినదే తీస్తాడు. మనసు మారకపోతే వాడి చేతే తుడిపించాలి, లెక్కపెట్టించాలి: క్యారమ్స్ బిళ్ళలు తెలుపు తొమ్మిది, నలుపు తొమ్మిది, ఎరుపు ఒకటి, పైన స్ట్రైకరు. చదరంగం ముప్పై రెండు. తక్కువైతే చీటీ రాయించాలి. కాగితం చుట్టడం అన్నిటికంటే చివర.

పైగా నీ పక్కన బల్ల మీద "ఉత్తమ దాత" సర్టిఫికెట్లు. ఎక్కువ వస్తువులు తెచ్చినవాడికట. 2008లో జర్మనీలో ఇరవై నెలల పిల్లలతో చేసి చూశారు: సాయం చేసినందుకు బహుమానం అందుకున్నవాళ్ళు ఆ తర్వాత సాయం తగ్గించారు, ఏమీ అందనివాళ్ళు తగ్గించలేదు. ఫ్లెక్సీ గురించి మాట్లాడను. ఎడమచేతికి తెలియకూడదన్న పనిని ట్రంకు రోడ్డు మొత్తానికి చూపించే తెలివికి ఏం జవాబు చెప్పగలం? సీక్రెట్ శాంటా అయితే మరీ ముచ్చట. ముందురోజు రాత్రి తల్లి ఫోన్లో ఆర్డరు పెడుతుంది, పొట్లంలో ఏముందో ఇచ్చేవాడికి కూడా సీక్రెట్టే.

నువ్వు పుట్టకముందు ఈ నేల మీద ఇవ్వడం లేదనుకుంటున్నావేమో. 1876-78 కరువులో, ఒంగోలు ఇంకా మన నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, అమెరికన్ మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో కొంత తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు. ఆకలితో వచ్చినవాళ్ళ చేతికి పార ఇచ్చి కూలి లెక్కగట్టారు. అన్నం కోసం చేరారన్న మాట రాకూడదని ఆ సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపారు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారన్నది అందరూ చెప్పుకుంటారు, ఆపిన సంగతి మాత్రం తక్కువమంది ఎత్తుతారు. పుచ్చుకునేవాడి తల వంచకుండా ఇవ్వడం అంటే అది. నువ్వేమో హాస్టలు పిలకాయల్ని వరసలో నిలబెట్టి, చెక్కులు తీసుకున్నట్టు ఫోటోకి నవ్వమంటావు.

అంత దూరం ఎందుకు, పిడికెడు బియ్యం గుర్తుందా? పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు తీసి పక్క డబ్బాలో వెయ్యడం. ఎనిమిదేళ్ళ పిల్ల పిడికిలికి ముప్పై గ్రాములు పడతాయనుకో, రోజుకి రెండుసార్లు, ఒకటో తేదీ నుంచి ఇరవై నాలుగు దాకా వేస్తే కిలో నాలుగు వందలు దాటుతుంది. తన కంచంలోకి రావాల్సిన బియ్యమని ఆ పిల్లకి తెలుసు, డబ్బా బరువు పెరగడం చేతికి తెలుసు. పురుగు పట్టకుండా ఎండిన వేపాకు నాలుగు రెబ్బలు వేస్తే చాలు. పండగనాడు కజ్జికాయలూ గులాబీ పువ్వులూ పళ్ళెంలో పెట్టి, పైన గుడ్డ కప్పి, వీధిలో ప్రతి ఇంటికీ పిలకాయల్నే పంపేవాళ్ళు. ఆ పళ్ళెం ఖాళీగా తిరిగొచ్చేది కాదు, గుప్పెడు పంచదారైనా పడేది. అక్కడ ఇచ్చేవాడెవడో, తీసుకునేవాడెవడో తేల్చడం నీ వల్ల కాదులే.

నీకిక పని లేదు. రేపు పాత అట్టల కొట్టుకి పోతావు. తడిసిన అట్టకి తూకంలో కోత పెడతాడని దూది పీకేసి ఫ్యాను కింద ఆరబెట్టాం.

ఒక్క మాట మాత్రం నీ పక్షాన చెప్పాలి. నీ అడుగున, తడవని మూలలో, రబ్బరు బ్యాండు వేసిన చదరంగం పెట్టె దొరికింది. లెక్కపెడితే ముప్పై ఒకటి. నల్ల గుర్రం లేదు. ఇదీ ఇంతేనని కార్ల కుప్పలోకి విసరబోతుంటే లోపల ఏదో గలగలమంది. సోడామూత. అంచుల పళ్ళు గుచ్చుకోకుండా సుత్తితో కొట్టి చదును చేసి ఉంది, పైన నల్ల స్కెచ్ పెన్ను దట్టంగా పూశారు. దానికి చుట్టిన చీటీలో పెన్సిలుతో, గీత దాటిన అక్షరాలు: "ఇదే నల్ల గుర్రం. పోగొట్టబాక."

ఇట్లు,
చాప మీద నుంచి ఇంకా లేవని నలుగురిలో ఒకరు